ఆగమని చెప్పే అధికారం: జి.ఎం.సి. బాలయోగి గారి జీవితం

2002 మార్చి 3, ఆదివారం ఉదయం. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో ఒక చేపల చెరువులో హెలికాప్టర్ కూలింది. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. ఒకరు లోక్‌సభ స్పీకర్ గంటి మోహనచంద్ర బాలయోగి గారు, మిగతా ఇద్దరు ఆయన అంగరక్షకుడు, పైలట్. ఢిల్లీలో బడ్జెట్ సమావేశాలు నడుస్తున్న రోజులవి. మన కొల్లేటి ప్రాంతం పేరు ఆ రోజు దేశమంతా వినబడింది, వినబడకూడని కారణంతో. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న మన ఊళ్ళు ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఆ తర్వాత పుట్టిన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరారు. వాళ్ళలో చాలామందికి బాలయోగి గారంటే హైదరాబాదు గచ్చిబౌలిలో ఒక స్టేడియం పేరు మాత్రమే. అందుకే ఆయన జీవితాన్ని ఈ సంచికలో ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

ఆయన 1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో ఒక దళిత వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ఎదుర్లంక గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది, ఏటికి అవతల యానాం. లంక గ్రామాల్లో చదువంటే ఏమిటో మన కొల్లేటి లంకల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బడికి వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా, కచేరీకి వెళ్ళాలన్నా నీటిని దాటాల్సిందే. బాలయోగి గారి చిన్నతనపు చదువు పక్కనున్న గుత్తెనదీవిలో సాగింది. తర్వాత కాకినాడ వెళ్ళారు, ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్రం చదివారు. 1980లో కాకినాడలో వకీలుగా ప్రాక్టీసు పెట్టారు.

1985లో ఆయన ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. ఆ కుటుంబం నుంచి వచ్చిన మనిషికి అది చాలా పెద్ద ఉద్యోగం. జీతం ఉంది, హోదా ఉంది, పెన్షన్ ఉంది. అయినా కొద్దికాలానికే రాజీనామా ఇచ్చి మళ్ళీ నల్లకోటు వేసుకుని బార్‌లోకి వచ్చేశారు. 1987లో తెలుగుదేశం తరఫున జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు, 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉపఎన్నికలో నెగ్గి రాష్ట్రంలో ఉన్నత విద్యా శాఖ మంత్రి అయ్యారు. 1998లో అమలాపురం ఆయన్ను మళ్ళీ ఢిల్లీకి పంపింది. ఆ ఏడు మార్చి 24న లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. అప్పటికి వయసు నలభై ఆరు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. తెలుగు నేల నుంచి అంతకుముందు ఆ పదవి చేసినవారు అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి గార్లు.

ఢిల్లీలో చాలామందికి ఆయన కొత్త మనిషి. గొంతు పెద్దది కాదు, మాట తక్కువ. ఒక్క పార్టీకీ మెజారిటీ లేని సభను నడపాలి. ఏడాది తిరిగేసరికి అసలు పరీక్ష వచ్చింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి. ఆరు నెలల్లోగా అక్కడి శాసనసభకు ఎన్నికైతే చాలు కాబట్టి లోక్‌సభ సభ్యత్వాన్ని ఆయన ఇంకా వదులుకోలేదు. ముఖ్యమంత్రి వచ్చి లోక్‌సభలో ఓటు వేయవచ్చా అన్న ప్రశ్న లేచింది. సభ్యత్వం ఉన్నంతవరకు ఓటు హక్కును తీసేసే నిబంధన లేదు. బాలయోగి గారు ఆ విషయాన్ని గమాంగ్ గారి విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ గారు వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఆ ఒక్క ఓటును ఆపి ఉంటే రెండు వైపులా 269 అయ్యేది. ఓట్లు సమానమైనప్పుడు స్పీకర్ ఓటు వేయాలని రాజ్యాంగం చెబుతుంది. అంటే దేశ ప్రభుత్వం ఉండాలో పోవాలో ఆయన ఒక్కడి చేతిలోకి వచ్చేది. ఆయన పార్టీ ఆ రోజు ప్రభుత్వం వైపే ఉంది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ నేటికీ నడుస్తూనే ఉంది. కానీ నిబంధనలో లేని అధికారాన్ని తన చేతిలోకి తెచ్చుకోలేదన్నది మాత్రం స్పష్టం. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో గెలిచి, 1999 అక్టోబరు 22న అదే కుర్చీకి మళ్ళీ ఎన్నికయ్యారు. 2000లో లోక్‌సభకు మొదటి ఎథిక్స్ కమిటీని ఏర్పాటు చేశారు. 2001 నవంబరులో చట్టసభల్లో క్రమశిక్షణ, మర్యాదల మీద దేశంలోని సభాపతులను, నాయకులను ఒకచోట కూర్చోబెట్టారు. కొద్ది రోజులకే, డిసెంబరు 13న, పార్లమెంటు ఆవరణలోకి తుపాకులతో ఉగ్రవాదులు చొరబడ్డారు.

ఆ గండం గడిచిన మూడు నెలల్లోపే కొల్లేటి మంచు ఆయన్ను తీసుకుపోయింది.

ఆయన ఎక్కింది ఒకే ఇంజను ఉండే ప్రైవేటు హెలికాప్టర్, బెల్ 206 రకం. భీమవరం నుంచి పొద్దున్నే లేచింది. మొదట యంత్రలోపమేమో అనుకున్నారు. తర్వాత బయటకు వచ్చిన వివరం ఇది. మంచులో ముందు ఏమీ కనబడక పైలట్ ఎక్కడో ఒకచోట దించబోయారు. నేల అనుకున్నది దగ్గరికి వచ్చేసరికి చెరువని తెలిసింది. మళ్ళీ పైకి లేపబోతే గట్టు మీది కొబ్బరిచెట్టు తగిలింది.

ఇది ఎలా జరుగుతుందో మన ప్రాంతం వాళ్ళకు సులభంగానే అర్థమవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. చెరువుల మీది తేమగాలి తెల్లవారేసరికి మంచుగా దిగుతుంది. ఆకివీడు, కైకలూరు రోడ్డు మీద బండి లైటు పట్టుమని పది గజాలు కూడా పోని ఉదయాలు మనందరికీ తెలుసు. రోడ్డు మీద బండి ఆపుకోవచ్చు. గాలిలో ఆగడానికి చోటు లేదు. ఇలాంటి చిన్న హెలికాప్టర్లను ప్రధానంగా కంటిచూపుతోనే నడుపుతారు. నేల, ఆకాశం కలిసే గీత మాయమైతే చెవి లోపలి సమతుల్యం మనిషిని మోసగిస్తుంది. వంగి పోతున్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. పైనుంచి చూస్తే చదునైన చెరువు నీళ్ళు, చదునైన పొలం ఒకేలా ఉంటాయి.

సైనిక పైలట్లకు ఈ సంగతి శిక్షణలోనే గట్టిగా నేర్పుతారు. ఒంటికి తోచింది నమ్మవద్దు, ముందున్న మీటర్లను నమ్ము, చూపు తగ్గడం మొదలైనప్పుడే వెనక్కి తిరుగు అంటారు. అక్కడ ప్రతి ప్రయాణానికి ముందు వాతావరణ నివేదిక చూడాలి, పై అధికారి అనుమతి పుస్తకంలో సంతకం పడాలి. ప్రమాదం జరిగితే విచారణ కోర్టు కూర్చుంటుంది. కుర్ర పైలట్లకు ఇదంతా కాగితాల గొడవగా అనిపించడం సహజం. కానీ ఆ ప్రతి సంతకం దగ్గరా వద్దు అనడానికి ఒక మనిషికి అవకాశం ఉంటుంది. సైన్యంలోనైనా, పౌర విమానయానంలోనైనా గాలిలో చివరి మాట పైలట్‌దే. వెనక కూర్చున్నది మంత్రయినా, సేనాధిపతైనా ఆ మాట మారదని నియమం. పెద్దవాళ్ళ పర్యటనల్లో మాత్రం హెలిపాడ్ దగ్గర ఎదురుచూసే అధికారులు, అవతలి ఊళ్ళో కార్యక్రమం, అందుకోవలసిన విమానం, ఇవన్నీ కలిసి ఆ నియమం మీద బరువు మోపుతాయి. ఇందులో ఏది ఆ ఉదయం పనిచేసిందని ఇప్పుడు ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు. 2001 సెప్టెంబరులో మాధవరావు సింధియా గారిని, 2009 సెప్టెంబరులో నల్లమలలో మన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారిని కూడా ప్రతికూల వాతావరణంలో సాగిన ప్రయాణాలే బలిగొన్నాయి.

సభ అదుపు తప్పితే వాయిదా వేసే అధికారం స్పీకర్‌ది. బాలయోగి గారు ఎన్నోసార్లు వాడిన అధికారం అది. కాసేపు ఆగడం ఓటమి కాదని ఆ కుర్చీలో కూర్చున్న వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ ఆదివారం మంచు విడిచేదాకా ఒక గంట వాయిదా పడి ఉంటే ఆయన కథ ఇంకా ఎంత దూరం నడిచేదో.

పదవిలో ఉండగా మరణించిన స్పీకర్లలో ఆయన రెండోవారు. మొదటివారు 1956లో కన్నుమూసిన మావలంకర్ గారు. బాలయోగి గారికి అప్పుడు యాభై ఏళ్ళే. అమలాపురం ఉపఎన్నికలో ఆయన సతీమణి విజయకుమారి గారిని లోక్‌సభకు పంపింది. ఎదుర్లంకకూ యానానికీ మధ్య గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు ఆ లంక పిల్లలు పడవ కోసం చూడకుండానే చదువుకు వెళ్ళి వస్తున్నారు.

మన పూర్వ విద్యార్థుల్లో డ్రైవర్లున్నారు, ఇంజనీర్లున్నారు, సైన్యంలో చేరినవారున్నారు, కాగితం మీద సంతకం పెట్టే అధికారులున్నారు. మనలో ఎవరికైనా ఏదో ఒక రోజు, ఎదుట ఎంత పెద్దవారున్నా, కాసేపు ఆగుదామండీ అని చెప్పవలసిన గడియ వస్తుంది. ఆ మాట జంకు లేకుండా చెప్పగలిగితే కొవ్వాడలంక చెరువు గట్టు మనకు నేర్పింది వృథా పోనట్టే.