తిరుపతి బడిలో చదివిన రాష్ట్రపతి

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబంలో జన్మించారు. (ఆ ఊరు 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది.) తండ్రి జమీందారు కొలువులో చిరుద్యోగి. 1896లో తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చేరారు. ఆపై వేలూరు, మద్రాసు చదువులకు స్కాలర్‌షిప్పులే ఆధారం. బంధువు ఒకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారు గనుక ఆ శాస్త్రమే తీసుకున్నారు! స్కాలర్‌షిప్పు దొరకని తోటి పిల్లలు ఏమయ్యారో మాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు.

1948లో ఆయన యునెస్కో కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులయ్యారు. ఆ డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి విద్యను ప్రతి మనిషి హక్కుగా ప్రకటించింది. 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా ఉండి, 1975లో కన్నుమూశారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం మన దేశంలో అమలులోకి వచ్చింది మాత్రం 2010 ఏప్రిల్ 1న.