సంగ్రహణి పగబట్టిన ఇంట్లో పుట్టినవాడు

యెల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే మన కాలేజీలో బయోటెక్ వాళ్లు ఏటీపీ అంటారు, మిగతావాళ్లు క్యాన్సర్ మందు అంటారు. రెండూ నిజమే. కానీ ఆయన జీవితం చదివినకొద్దీ నాకు మాత్రం అదంతా ఒక పేగు జబ్బు చుట్టూ తిరిగినట్టే కనిపిస్తుంది.

1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద పెద్ద ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బొస్తుందని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. (బ్యాక్‌లాగులున్న మిత్రులు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సొచ్చింది.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ, మన పెద్దవాళ్ల మాటలో సంగ్రహణి. పేగు లోపలి పొర చదునైపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. నాలుక పుండవుతుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది. మనిషి కంచం ముందు కూర్చునే ఎండిపోతాడు. తర్వాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. అలోపతి చదివిన డాక్టరు తన ప్రాణం ఆయుర్వేదంతో నిలబడితే ఏం చేస్తాడు? ఈయనైతే లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పారు.

1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ట్రస్టు సాయంతో హార్వర్డ్ వెళ్లారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు ఎత్తుతూ పగలు చదువుకున్నారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరాక పాత శత్రువు మళ్లీ ఎదురైంది. అప్పటికే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు తింటే తగ్గుతోందని చూపించారు. అందులో ఉన్నదేమిటో తేలలేదు. సుబ్బారావు గారి బృందం దాన్ని లివర్ నుంచి వేరుచేసి, 1945 నాటికి ల్యాబులోనే తయారు చేసింది. అదే ఫోలిక్ యాసిడ్.

మందు చేతికొస్తే సరిపోదు కదా, మనిషి మీద పనిచేయాలి. టామ్ స్పైస్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. కొద్ది రోజుల్లోనే కొత్త రక్తకణాలు పుట్టుకొచ్చాయి, నాలుక మానింది, ఆకలి వేసింది, బరువు పెరిగారు. అలాగని అన్ని రక్తహీనతలకూ ఇదే మందు అనుకోవడం ప్రమాదమని కూడా రోగులే నేర్పారు. పెర్నీషియస్ ఎనీమియా ఉన్నవాళ్లకు ఇస్తే రక్తం బాగుపడింది గానీ నరాలు దెబ్బతింటూనే పోయాయి. వాళ్లకు కావలసింది బి12, అది 1948లో గానీ విడిగా దొరకలేదు. రిపోర్టులో అంకె బాగుంటే రోగి బాగున్నట్టు కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

అదే 1948లో ఆయన విభాగం నుంచే ఆరియోమైసిన్ బయటికొచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఆ ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. భార్య శేషగిరి గారు ఓడెక్కినప్పుడు చూసిన మనిషిని మళ్లీ చూడనేలేదు.

ఉష్ణదేశాల స్ప్రూకి ఇవాళ్టికీ డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. కొన్ని నెలల కోర్సు.