పట్టణ పాలన చేపట్టిన గురువు: లూయీజి స్టుర్జో



మునిసిపల్ ఎన్నికలు వచ్చినపుడు మనకెందుకీ బురద అని తప్పుకొనేవారు మన విచారణలలో ఎందరో ఉన్నారు. యువకులకు ఆ మాటే చెప్పి పంపినవారిలో నేనూ ఒకడిని. ఇటలీ దేశపు గురువు లూయీజి స్టుర్జోగారి జీవితం చదివాక నా తప్పు నాకు తెలిసింది.

ఆయన 1871లో సిసిలీ ద్వీపంలోని కాల్తజిరోనె పట్టణంలో, కలిగిన కుటుంబంలో జన్మించారు. 1894లో గురుపట్టం పొంది, పైచదువుకు రోము నగరం వెళ్లారు. 1895 పవిత్ర శనివారంనాడు ఇండ్లను దీవించడానికి ఒక పేదవాడకు వెళ్లి, అక్కడి ఆకలిని, దైన్యాన్ని కళ్లారా చూశారు. తత్త్వశాస్త్ర బోధనలోనే జీవితం గడపాలన్న ఆయన తలంపు ఆనాడు మారింది. కార్మికుల స్థితిగతులపై 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన విశ్వలేఖ ఆయనకు దారి చూపింది.

సొంత ఊరిలో రైతులను, చేతిపనివారిని కూడగట్టారు. వారికొరకు గ్రామీణ బ్యాంకును, సహకార సంఘాలను నెలకొల్పారు. 1897లో పత్రిక కూడా ప్రారంభించారు.

పోపుగారి రాజ్యాన్ని ఇటలీ ప్రభుత్వం ఆక్రమించినందున, పార్లమెంటు ఎన్నికలలో పాల్గొనవద్దని శ్రీసభ ఆనాడు కతోలికులను ఆదేశించింది. పట్టణ ఎన్నికలకు ఆ నిషేధం లేదు. స్టుర్జోగారు పోటీచేసి 1899లో కౌన్సిలరయ్యారు. గురువు మేయరు కావడానికి చట్టం ఒప్పుకోదు కనుక, 1905 నుండి 1920 వరకు మేయరుకు బదులుగా నిలిచి పాలన సాగించారు. పింగాణీ పనికి పేరుపొందిన ఆ ఊరిలో 1918లో ఆ విద్యకొక పాఠశాల వెలిసింది ఆయన చొరవతోనే.

1919లో ఆయన స్థాపించిన ప్రజాపార్టీ అదే ఏడు పార్లమెంటులో 100 స్థానాలు గెలిచింది. ముస్సోలినీని ఎదిరించినందుకు కష్టాలు మొదలయ్యాయి. శ్రీసభ పెద్దల ఒత్తిడిపై 1923లో కార్యదర్శి పదవిని విడిచారు. 1924లో దేశమే విడిచారు. లండనులో, ఆ తరువాత అమెరికాలో 22 ఏండ్లు ప్రవాసంలో గడిపారు. అంత బాధలోనూ గురుత్వాన్ని వీడలేదు, శ్రీసభను దూషించలేదు. 1946లో తిరిగివచ్చి, 1959 ఆగస్టు 8న రోములో కన్నుమూశారు.

1983నాటి శ్రీసభ చట్టం గురువులను ప్రభుత్వ పదవులు చేపట్టవద్దంటోంది. కనుక ఆ బాధ్యత గృహస్థులైన మీది. మీ వార్డులో కుళాయి నీరు రాకపోతే, మురుగు పారకపోతే ప్రార్థన చేయండి. తరువాత నామినేషను పత్రం కూడా నింపండి. ఈసారి మీలో ఎవరైనా సలహాకు వస్తే, నేను వద్దనను.