పొలంలో పడి ఉన్న పడవ

జాషువా స్లోకమ్ పేరు విన్నంతనే, చిన్న తెరచాప పడవలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషిగా లోకం అతనిని స్మరిస్తుంది. 1895లో బయలుదేరి 1898లో తిరిగివచ్చిన ఆ యాత్ర గొప్పదే. కాని దానికి మూడేండ్ల ముందు, సముద్రం మీద కాక నేల మీద, ఒక పొలంలో అతడు చేసిన పని అంతకంటె తక్కువది కాదు. ఊరివారు నవ్వులాటగా చూచే శిథిలనౌకను పరికించి, దానిలో ఇంకను ప్రాణమున్నదని గుర్తించుటయే ఆ పని. ఆ చూపు అతనికి ఒక దినమున అబ్బినది కాదు.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో, సముద్రతీరానికి సమీపమున ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించినాడు. నేల కలిసిరాక, తండ్రి బ్రయర్ ద్వీపానికి తరలిపోయి, జాలరులకు తోలుబూట్లు కుట్టి బ్రతుకుసాగినాడు. పదేండ్ల ప్రాయంలోనే బాలుని బడి మాన్పించి ఆ కొట్టులో కూర్చుండబెట్టినారు. ఆ పిల్లవాని మనస్సు మాత్రం ఓడలమీద ఉండినది. దాగుకొని చెక్కుకొన్న చిన్న బొమ్మనౌకను తండ్రి కోపంతో విరుగగొట్టినాడని చెప్పుదురు. తల్లి మరణించిన పిదప, పదునారేండ్ల వయస్సున స్లోకమ్ ఇల్లు విడిచి సముద్రం పట్టినాడు.

అది తెరచాప ఓడల కడపటి వైభవకాలం. సామాన్య నావికుడుగా చేరినవాడు, ఇరువదియైదేండ్లు నిండునాటికి నౌకాధిపతి అయినాడు. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్‌ను పెండ్లాడినాడు. ఆమె పుట్టింటి సుఖాలు విడిచి భర్తతో ఓడలోనే కాపురముండినది. బిడ్డలు ఓడలలోనే పెరిగినారు. ఫిలిప్పీన్సు దీవులలో స్లోకమ్ ఒక పొగ ఓడకు మేను కట్టియిచ్చి, కూలిలో కొంత భాగానికి బదులుగా పాటో అను చిన్న నౌకను పుచ్చుకొన్నాడు. డబ్బుకు బదులు పడవను అంగీకరించుటకు దాని విలువ కట్టగల నేర్పు కావలెను. కొయ్యను తట్టి, సందులను తడవి, అడుగును చూచి ఓడ గుణమెరుగు విద్య అతనికి ఇట్టి బేరాలలోనే ఒంటపట్టినది. కొంతకాలానికి నార్తర్న్ లైట్ అను మహానౌకలో భాగస్వామియై, దానికి అధిపతియైనాడు. అదే అతని భాగ్యానికి శిఖరం.

అక్కడినుండి దిగుడుమెట్లు ఆరంభమైనవి. 1884లో బ్యూనస్ ఎయిరిస్ రేవులో, ఆక్విడ్నెక్ అను ఓడలో, వర్జీనియా కన్నుమూసినది. 1886లో అతడు హెన్రియెట్టాను రెండవ భార్యగా స్వీకరించినాడు. మరుసటి యేటి కడపట ఆక్విడ్నెక్ బ్రెజిల్ తీరాన ఇసుకమేటలకు తగిలి నాశనమైనది. సర్వస్వం పోగొట్టుకొన్న ఆ కుటుంబం పరదేశపు ఒడ్డున నిలిచినది. అయినను స్లోకమ్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విరిగిన ఓడ సామగ్రిని, ఆ ప్రాంతపు కలపను కూర్చి ముప్పదియైదు అడుగుల పడవ ఒకటి కట్టినాడు. తెరచాపలు హెన్రియెట్టా కుట్టినది. 1888 మే 13న, బ్రెజిల్‌లో బానిసలకు విముక్తి కలిగిన దినముననే, అది నీటిలో దిగినది. అందుచేత దానికి స్వేచ్ఛ అను అర్థంగల లిబెర్దాదె అని నామకరణం చేసినారు. భార్యను, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని అయిదున్నర వేల మైళ్లు ప్రయాణించి అతడు అమెరికా చేరినాడు.

చేరినాడే కాని, అక్కడ అతనికి పనిలేదు. ఆవిరి ఓడలు సముద్రాలను ఆక్రమించినవి. తెరచాపల విద్యలో పండిపోయిన నాయకులు రేవులలో నిరుద్యోగులై తిరుగుచుండిరి. ఓడలు కట్టుచోట కూలికి పోవలెనన్నను ముందుగా యాభై డాలర్ల చందా చెల్లించవలసియుండినది. నలుబదియెనిమిదేండ్ల స్లోకమ్ కాలం చెల్లిన సరుకువలె బోస్టన్ నగరంలో నిలిచిపోయినాడు. 1892లో, ఒకప్పుడు తిమింగలాల వేటలో పేరుమోసిన ఈబెన్ పియర్స్ అను వృద్ధ నౌకాధిపతి తటస్థించి, ఫేర్‌హేవెన్ గ్రామానికి వస్తే ఒక ఓడ ఇత్తుననినాడు. దానికి కొంత మరమ్మతు కావలెనని కూడ చెప్పినాడు.

స్లోకమ్ పోయి చూచినాడు. ఉప్పునీటికి దూరంగా, ఒక పొలంలో, గుడ్డ కప్పి, దాపులు పెట్టి నిలిపిన ముదుసలి పడవ అది. పేరు స్ప్రే, అనగా నీటి తుంపర. పూర్వం ఆల్చిప్పలను పట్టుటకు వాడినదని ప్రతీతి. ఏడేండ్లుగా అది అక్కడనే ఉన్నది. ఎన్ని సంవత్సరాల వయస్సున్నదో గ్రామంలో ఎవరును సరిగా చెప్పజాలకపోయిరి. స్లోకమ్ రాగానే, దానిని పగులగొట్టి వంటచెరకు చేయుటకు వచ్చినాడని వారు తలచినారు. మరల కట్టుదునని చెప్పగా, గిట్టుబాటగునా అని ఆశ్చర్యపోయినారు.

ఇక్కడనే అతని వివేకం కనబడుచున్నది. పాత పడవను చవకగా కొనువారు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేయుదురు. పైపూత నిగనిగలాడిన మోసపోవుదురు. లేదా నాలుగు కుళ్లిన పలకలు చూచి మంచి మేనును త్రోసివేయుదురు. కొయ్యకు ఉప్పునీటికంటె వాననీరు ఎక్కువ శత్రువు. పై తలంపై నిలిచిన వాననీరు లోపలికి దిగి, గాలి సోకని మూలలలో కుళ్లు పుట్టించును. ఒడ్డున ఎండిన పలకలు ముడుచుకొని సందులు విచ్చును. ఇవన్నియు మార్చుకొనదగిన దోషాలు. మార్చుటకు వీలులేనిది ఆకారం. స్లోకమ్ చేసిన పనిని బట్టి చూచిన, అతడు స్ప్రేలో విలువ కట్టినది కొయ్యకు కాదు, ఆ కొయ్య నిలిపియుంచిన రూపానికి. పాత ముక్కను తీసి దానిచోట కొత్తది అమర్చుచు పోయినాడు. క్రమక్రమంగా కొయ్య అంతయు కొత్తదైనను, పడవ మాత్రం స్ప్రేగానే నిలిచినది.

సమీపాన ఒక ఓక్ వృక్షాన్ని నరికి వెన్నుదూలం చేసినాడు. లేత మానులను ఆవిరిపట్టి మెత్తబరచి, వంచి పక్కటెముకలుగా నిలిపినాడు. పచ్చికబయలులో పెరిగిన ఓక్ మొదలుతో ముక్కుదూలం మలచినాడు. జార్జియా దేవదారుతో ఒకటిన్నర అంగుళం మందంగల పలకలు బిగించినాడు. సందులలో పత్తిని, పాత త్రాళ్ల పీచును కూరినాడు. బహిస్సముద్రంలో తిరుగుటకై పక్కల ఎత్తును ముందు పదునెనిమిది, నడుమ పండ్రెండు, వెనుక పదునాలుగు అంగుళాలు పెంచినాడు. పని పూర్తియగునప్పటికి పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. పదమూడు నెలలు పట్టినది. సామగ్రికైన వ్యయం 553 డాలర్ల 62 సెంట్లు. ఉచితంగా దొరికిన పడవకు చెల్లించిన అసలు వెల ఈ పైకం మాత్రమే కాదు, పదమూడు నెలల చెమట కూడ.

ఆ పడవతో చేపలు పట్టి జీవించబోయి విఫలుడై, స్లోకమ్ చివరకు దూరయానానికి నిశ్చయించినాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి సాగినాడు. ఒడ్డుకు పోయివచ్చుటకు చిన్న పడవ కావలెను. గ్లస్టర్ రేవులో పారవేసిన ఒక పాత పడవను కొని, అడ్డంగా రెండుగా కోసి, ఒక సగానికి చివర పలకలు కొట్టి వాడుకొన్నాడు. స్నానపు తొట్టియు అదియే అయినది. ఖరీదైన కాలమాన యంత్రాన్ని బాగుచేయించుటకు పదునైదు డాలర్లు కావలసియుండగా దానిని ఇంట విడిచి, యార్మత్‌లో ఒక రేకు గడియారం కొన్నాడు. దాని ముఖం పగిలియుండుటచే డాలరున్నర వెల డాలరుకు తగ్గినది. దానితోనే భూప్రదక్షిణం చేసినాడు.

సముద్రం స్ప్రేను ఒక్కొక్కచోట పరీక్షించినది. ఉరుగ్వే తీరంలో పడవ ఇసుక మీదికి ఎక్కినప్పుడు, ఈత రాని స్లోకమ్ నీటిలో పడి కొద్దిలో ప్రాణాపాయం తప్పించుకొన్నాడు. స్ప్రే పెద్ద హాని లేక మరల తేలినది. మెజెల్లన్ జలసంధి గాలులను తట్టుకొన్నది. హువాన్ ఫెర్నాండెజ్ దీవి నుండి సమోవాకు డెబ్బదిరెండు దినాలు ఎచ్చటను ఆగక నడచినది. 1897లో థర్స్‌డే దీవి నుండి కీలింగ్ దీవులకు ఇరువదిమూడు దినాలలో 2,700 మైళ్లు సాగినప్పుడు, అతడు చుక్కానివద్ద నిలిచినది మూడు గంటలు కూడ లేదు. చుక్కానిని త్రాటితో కట్టివేసిన, పడవ తన దారి తానే పట్టిపోయెడిది. అది కొత్త కొయ్య ఇచ్చిన గుణం కాదు. పొలంలో అతడు గుర్తించిన పాత రూపపు గుణం. కీలింగ్ వద్ద పగడపు గుట్టకు తగిలినప్పుడు ఆ ఓక్ ముక్కుదూలం గుట్టను చీల్చినదే కాని, తాను గీటుపడలేదు.

నలుబదియారువేల మైళ్లు తిరిగి 1898 జూన్ 27న న్యూపోర్టు చేరినాడు. జూలై 3న ఫేర్‌హేవెన్‌కు పోయి, పడవను మొదట నీటిలో దింపిననాడు కట్టిన దేవదారు గుంజకే మరల కట్టివేసినాడు. యాత్రాకథ గ్రంథరూపమున 1900లో వెలువడి అతనికి కీర్తిని, కొంత ధనాన్ని తెచ్చినది. 1902లో మార్తాస్ వినియార్డ్ దీవిలో చిన్న పొలం కొని కాపురముంచినాడు. నేల మాత్రం అతనిని పట్టి ఉంచలేదు. చలికాలమందు వెస్టిండీసుకు ఒంటరిగా పోయివచ్చుచుండెడివాడు.

చివరి సంవత్సరాలలో స్ప్రేను చూచినవారు, అది సంరక్షణ లేక మాసి, సడలియున్నదని గమనించినారు. యజమానియు వృద్ధుడైనాడు. 1909 నవంబరులో అతడు దక్షిణ అమెరికా నదులను ఉద్దేశించి తెరచాప ఎత్తినాడు. తరువాత అతనిని గాని, స్ప్రేను గాని చూచినవారు లేరు. 1924లో న్యాయస్థానం అతడు మరణించినట్లు ప్రకటించినది. పొగ ఓడ తగిలినదో, మేను విచ్చినదో ఎవరికిని తెలియదు. 1909లోనే సిప్రియానో ఆండ్రేడ్ అను ఇంజనీరు కొలతలు పరిశీలించి స్ప్రే సమతుల్యాన్ని శ్లాఘించినాడు. అనంతరకాలపు నిపుణులు మాత్రం, లోతు తక్కువై వెడల్పు ఎక్కువైన అట్టి పడవ మితిమీరి ఒరిగిన మరల లేవజాలదని హెచ్చరించినారు. రెండును సత్యాలే. గుణమిచ్చిన ఆకారమే దోషాన్నియు తనలో దాచుకొన్నది.

స్ప్రే నమూనాపై పిమ్మట పెక్కు పడవలు కట్టుకొన్నారు. కొలతలు కాగితం మీద దొరకును. గుడ్డ కప్పిన శిథిలాన్ని చూచినప్పుడు ఏది పారవేయవలెనో, ఏది నిలుపుకొనవలెనో తెలియుటకు మాత్రం ముప్పదియేండ్ల సముద్రం కావలసివచ్చినది. దానిని నిలుపుకొనుటకు ప్రతి సంవత్సరము మరల అదే కంటితో చూడవలెను. కాలం త్రోసివేసిన నావికుడు, ఊరు త్రోసివేసిన పడవ ఒకరినొకరు గుర్తించుకొని పదునేడేండ్లు కలిసి బ్రతికినారు. పోయినప్పుడును కలిసియే పోయినారు.