మందమతుల గురువు మరియా మాంటిసోరి

నీతిచంద్రిక చదివినవారందఱును విష్ణుశర్మను ఎఱుగుదురు. చదువు లేక తిరుగుచున్న రాజకుమారులను ఆఱు మాసములలో నీతికోవిదులను గావించెదనని ఆయన సుదర్శన మహారాజునకు మాట యిచ్చి నెఱవేర్చెను. వారు రాజపుత్రులు, గురువు దొరకుట కష్టము కాదు. ఏ రాజును తండ్రిగా లేని మందమతులను చేరదీసిన వైద్యురాలి చరిత్రము మన పాఠకులలో అనేకులకు తెలియదు. పట్టణములలో పిల్లల బడుల పలకలమీద ఆమె పేరు మాత్రము చూచుచుందురు.

మరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమున కియరవాల్లే అను చిన్న పట్టణములో జన్మించెను. వైద్యము చదువుట తండ్రికి సమ్మతము కాలేదు. పురుషులతో కలిసి శవచ్ఛేదము చేయుట స్త్రీకి తగదని, అందఱును వెడలిన పిమ్మట ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసి వచ్చెను. 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నందెను.

ఆ కాలమున బుద్ధి యెదుగని పిల్లలను ఉన్మాదులతో కలిపి పిచ్చియాసుపత్రులలో నుంచెడివారు. ఒకచోట కాపలా స్త్రీ, ఈ పిల్లలు భోజనము కాగానే నేలమీది రొట్టెముక్కలకై ఎగబడుదురని అసహ్యించుకొనుచు చెప్పెను. మాంటిసోరి ఆ గదిని పరికించెను. పట్టుకొనుటకు గాని త్రిప్పి చూచుటకు గాని అందు ఒక్క వస్తువైనను లేదు. పిల్లల చేతులకు దొరకినవి ఆ ముక్కలే. వారి యాకలి కడుపునకు సంబంధించినది కాదని ఆమె గ్రహించెను.

ఇటార్, సెగాన్ అను ఇద్దఱు ఫ్రెంచి వైద్యులు పూర్వమే ఇట్టి పిల్లలకు చదువు చెప్ప యత్నించియుండిరి. వారి గ్రంథములే ఆమెకు దారి చూపెను. మందబుద్ధి వైద్యునికంటె ఉపాధ్యాయునికే ఎక్కువగా చెందిన సమస్య యని 1898లో ట్యూరిన్ నగరపు విద్యామహాసభలో ఆమె వాదించెను. 1900లో రోమున ఇట్టి పిల్లల కొఱకు పాఠశాల యేర్పడగా, మోంటెసానో అను వైద్యునితో కలిసి దానిని నడపెను. ఉదయము 8 గంటల నుండి సాయంకాలము 7 గంటల వరకు పిల్లల నడుమనే యుండెడిది.

అందు పదునొకండేండ్ల బాలిక యొకతె. చేతులలో సత్తువ కలదు గాని కుట్టుపని యెంత చూపినను రాలేదు. సూదిని క్రిందికి దించి పైకి తీయుటయే ఆమెకు పట్టుబడకుండెను. మాంటిసోరి సూది దారములను ప్రక్కన బెట్టించి, కాగితపు బద్దలను ఒకదానిక్రింద నొకటి పోనిచ్చి చాపవలె అల్లుట నేర్పెను. అది చేతికి వచ్చిన పిదప సూది యిచ్చి చూడగా, ఆ పిల్ల చిరుగులను చక్కగా రఫూ చేసెను. పని అడుగుటకు ముందు ఆ పనికి కావలసిన కదలికను నేర్పవలెనని ఆమెకు అప్పుడు తోచెను.

అక్షరములకును అదే దారి. చెక్కతో గొలుసుకట్టు అక్షరములు చేయించెను. పొట్టివి 8 సెంటీమీటర్ల యెత్తు. అచ్చులకు ఎఱుపు, హల్లులకు నీలము. వ్రాయు వరుసలోనే వ్రేలితో తడిమించెను. ఆ పిల్లలలో కొందఱు చదువను వ్రాయను నేర్చి, సామాన్య బాలురు కూర్చుండు పరీక్షలో ఉత్తీర్ణులైరి. లోకులు అద్భుతమనిరి. ఆమెకు మాత్రము వేఱొక చింత పుట్టెను: ఆరోగ్యముగల పిల్లలు వీరితో సమానముగా ఆగిపోవుటకు వారి బడులలో ఏమి జరుగుచున్నది?

ఇచ్చట నా దోషమొకటి చెప్పుకొనవలెను. ఇరువది యేండ్ల క్రిందట మన యూరి రైతొకడు కుమారుని నాయొద్దకు తెచ్చెను. నోటిలెక్కలో ఆ బాలుడు నన్ను మించినవాడు. పలకమీద మాత్రము అక్షరము తలక్రిందయ్యెడిది. వీనికి విద్యాయోగము లేదని చెప్పి గేదెల వెంట పంపించితిని. ఇట్టి చిక్కును నేడు అభ్యసన వైకల్యమందురు; 2016 నాటి చట్టమున దానికి స్థానము కలదు. ఆతడిప్పటికిని సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చి పత్రికలలోని బొమ్మలు చూచి పోవుచుండును.

మాంటిసోరికి మోంటెసానో వలన 1898లో మారియో అను కుమారుడు కలిగెను. వారికి వివాహము కాలేదు. బిడ్డ పల్లెలో పరుల యింట పెరిగెను. 1901లో మోంటెసానో వేఱొక స్త్రీని పెండ్లాడగా ఆమె పాఠశాలను విడిచెను. ఇతరుల బిడ్డలకు పగలంతయు నిచ్చిన తల్లి, తన బిడ్డను పదునేనేండ్ల ప్రాయము వరకు దగ్గఱ నుంచుకొనలేకపోయెను. దీనిని కప్పిపుచ్చిన చరిత్రలు కలవు. లెక్కలు వ్రాయువాడు ఖర్చుపద్దును దాచరాదు గదా!

పిమ్మట ఆమె ఇటార్, సెగాన్ గ్రంథములను స్వహస్తముతో ఇటలీ భాషలో వ్రాసికొని మరల చదివెను. 1907 జనవరి 6వ తేదీన రోములోని శాన్ లొరెంజో అను బీదపేటలో పిల్లల ఇల్లు తెఱచెను. మూడేండ్ల పాప యొకతె చెక్క దిమ్మెలను వాని గుంటలలో నిలుపుచు, తీయుచు, చుట్టును పాటలు పాడించినను తల యెత్తక నలువది సార్లకు పైగా ఆ పని చేసెను. చేతికి తగిన పని దొరకినచో చూపు తానే నిలుచునని ఆమె కనుగొనెను. అక్కడినుండి కీర్తి ఖండాంతరములకు వ్యాపించెను. తొలి పిల్లలు ఆ కీర్తివెనుక కనుమఱుగైరి. వారి కొఱకు పుట్టిన పద్ధతి నేడు హెచ్చు రుసుము తీసికొను బడుల సొత్తయినది. ఇది ఆమె తప్పని నేననను.

1939లో మారియోతో కూడ మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించెను. మన ఆంధ్ర జిల్లాలకును అప్పుడు మదరాసే రాజధాని. మఱుసటి యేడు ఇటలీ యుద్ధమున చేరగా ప్రభుత్వము మారియోను నిర్బంధించి, ఆమె డెబ్బదవ జన్మదినమునకు విడుదల చేసెను. 1946 వరకు ఆమె ఈ దేశముననే యుండెను. 1952 మే 6వ తేదీన హాలెండులోని నూర్డ్‌విక్ అను సముద్రతీర గ్రామమున కన్నుమూసెను. అప్పుడు మారియో ప్రక్కనే యుండెను.