విరమణ ఎరుగని కెప్టెన్ – కల్నల్ సి.కె. నాయుడు

సర్వీసు రిజిస్టరులో రాసుకున్న పుట్టిన తేదీ ఒక ఉద్యోగి జీవితాన్ని ఎలా శాసిస్తుందో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. 1983లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 55 ఏళ్ళకు తగ్గినప్పుడు, ఒంట్లో సత్తువ ఉండగానే ఇంటిదారి పట్టినవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. తేదీని చూసి మనిషి పనితనాన్ని కొలవకూడదని తన బ్యాటుతోనే ఋజువు చేసిన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు కెప్టెన్‌గా వ్యవహరించిన కల్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారు. లోకానికి ఆయన సి.కె. నాయుడు.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. వారి పూర్వీకులది మచిలీపట్నం. తాతగారి కాలంలోనే ఆ కుటుంబం నాగపూరు చేరి స్థిరపడింది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు న్యాయవాది. నిటారైన పొడవాటి విగ్రహం, చురుకైన చూపు, దేనికీ వెనుదీయని స్వభావం నాయుడుగారివి. 1916లో బొంబాయిలో జరిగిన పోటీలలో హిందూ జట్టు తరఫున తొలిసారి పెద్ద ఆటలో అడుగుపెట్టారు. అక్కడ ఆయన తీసిన మొట్టమొదటి పరుగులే సిక్సర్‌తో వచ్చాయని చెప్పుకుంటారు. 1923లో ఇందూరు హోల్కరు మహారాజు ఆయనను తమ సంస్థానానికి పిలిపించి సైన్యంలో హోదా ఇచ్చి కొలువులో పెట్టుకున్నారు. పేరుకు ముందున్న కల్నల్ ఆ కొలువు ఇచ్చినదే.

ఆయన పేరు దేశమంతటా మారుమోగింది 1926 డిసెంబరులో. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుండి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో వారి బౌలింగును నాయుడుగారు చెండాడి 153 పరుగులు చేశారు. వాటిలో 11 సిక్సర్లు. తెల్లదొరల పాలన సాగుతున్న ఆ రోజుల్లో ఒక భారతీయుడు వారి ఆటలోనే వారిని అలా చితకబాదుతుంటే చూసినవారి గుండెలు ఉప్పొంగాయి. మనవాళ్ళు ఇంగ్లండుతో సమానంగా ఆడగలరన్న నమ్మకం అక్కడ కుదిరింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1928లో, భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. ఆ కాలంలో కెప్టెన్ పదవి ఆటగాడికి కాక, మహారాజులకు దక్కేది. అప్పుడు కెప్టెన్‌గా ఎంపికైనది పోరుబందరు మహారాజా. అయితే ఆయన తన ఆట ఏపాటిదో తెలిసిన మనిషి. టెస్టు మ్యాచి వచ్చేసరికి పక్కకు తప్పుకున్నారు. వైస్ కెప్టెన్ కూడా ఆడలేదు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు రాజవంశీకుడు కాని నాయుడుగారు నాయకత్వం వహించారు. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే అత్యధికం. 158 పరుగుల తేడాతో ఓడినా మనవారి ఆటను అక్కడివారు మెచ్చుకున్నారు. ఆ పర్యటనలో బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సర్ మైదానం దాటి, రీ అనే చిన్న నది దాటి, పక్క జిల్లాలో పడిందని ఇప్పటికీ కథగా చెబుతారు. 1933లో విస్డెన్ వార్షిక గ్రంథం ఆయనను ఆ ఏటి అయిదుగురు ఉత్తమ ఆటగాళ్ళలో ఒకరిగా ఎంచింది. 1933-34లో ఇంగ్లండు జట్టు భారతదేశానికి వచ్చి మూడు టెస్టులు ఆడినప్పుడు కూడా ఆయనే కెప్టెన్.

ఇక 1936 ముచ్చట. ఉద్యోగం చేసినవారెవరికైనా ఇది చప్పున అర్థమవుతుంది. ఆ యేడు ఇంగ్లండు పర్యటనకు కెప్టెన్‌గా విజయనగరం మహారాజ కుమారుడు విజయ ఆనంద గజపతిరాజుగారు నియమితులయ్యారు. క్రికెట్ లోకం ఆయనను విజ్జీ అని పిలిచేది. ఆయనా తెలుగు రాజవంశం వారే. క్రికెట్ కోసం ధారాళంగా ఖర్చు చేసిన మాట నిజం. తరువాతి కాలంలో పార్లమెంటు సభ్యులుగా, రేడియో వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నదీ నిజమే. కాని మైదానంలో ఆయన ఆట అంతంతమాత్రం. మూడు టెస్టులలో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. జట్టులో ముఠాలు బయలుదేరాయి. మంచి ఊపు మీదున్న లాలా అమరనాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపివేశారు. దీనిపై తరువాత వేసిన విచారణ సంఘం కెప్టెన్‌ను తప్పుపట్టింది.

నాలుగు టెస్టులకు నాయకత్వం వహించిన మనిషి, తనకన్నా చిన్నవాడు, తనతో ఏ విధంగానూ సరితూగని ఆటగాడు అయిన ఒకరి కింద పనిచేయవలసివచ్చింది. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో వేగంగా వచ్చిన బంతి ఒంటికి బలంగా తగిలినా ఆయన వికెట్ వదలలేదు. ఆ ఇన్నింగ్సులో 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆయన ఆఖరి టెస్టు కూడా అదే. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు. మొత్తం ఆడిన టెస్టులు ఏడు, చేసిన పరుగులు 350.

మరొకరైతే అక్కడితో బ్యాటు అటక మీద పెట్టేవారు. నాయుడుగారి రెండవ అధ్యాయం అక్కడే మొదలైంది. హోల్కరు జట్టును ఆయన స్వయంగా తీర్చిదిద్దారు. ముస్తాక్ అలీ, సర్వటే, తమ్ముడు సి.ఎస్. నాయుడు వంటివారు ఆ జట్టులో ఆడారు. యుద్ధకాలంలో సైనికుడిగా ఇక్కడికి వచ్చిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా హోల్కరు తరఫున బ్యాటు పట్టారు. కెప్టెన్‌గా నాయుడుగారు మహా కఠినులు. వ్యాయామంలోనూ, సమయపాలనలోనూ ఎవరికీ మినహాయింపు ఉండేది కాదు. చిన్నాచితకా దెబ్బలకు మైదానం వదిలి వెళ్ళనిచ్చేవారు కాదు. ఈ కాఠిన్యాన్ని భరించలేక సణిగినవారూ లేకపోలేదు. అయితే ఇతరులకు పెట్టిన నియమం తనకూ పెట్టుకున్నందువల్ల ఆయనకు ఎదురు చెప్పగలిగినవారు తక్కువ. ఆయన నాయకత్వంలో హోల్కరు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సీజన్లలో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. మొదటిసారి గెలిచిన ఏడు ఆయన వయస్సు 50. అప్పుడు బరోడా జట్టుపై 200 పరుగులు చేశారు. ఆయన మొత్తం ఆటజీవితంలో అదే అత్యధికం.

56వ ఏట, బొంబాయి జట్టుతో ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ వేసిన బంతి ముఖానికి తగిలి పళ్ళు ఊడాయి. రక్తం కారుతున్నా నాయుడుగారు పెవిలియన్‌కు పోకుండా బ్యాటింగు కొనసాగించారు.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అదే రోజున హైదరాబాదు రాష్ట్రంలో వరంగల్లు నుండి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో, అంటే ఆంధ్ర రాష్ట్రంలో ఉండేది. గోదావరి మీద వంతెన లేదు. అది 1965లో వచ్చింది. నదికి ఈ ఒడ్డున ఒక రాష్ట్రం, ఆ ఒడ్డున మరొక రాష్ట్రం. ఆ 1953-54 సీజనులోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ బరిలోకి దిగింది. దానికి కెప్టెన్‌గా నిలిచినవారు 58 ఏళ్ళ నాయుడుగారు. నాగపూరులో పుట్టి, ఇందూరులో పేరు తెచ్చుకున్న ఆ పెద్దాయన, పూర్వీకుల గడ్డకు కొత్త జట్టు ఏర్పడితే వచ్చి ముందు నిలబడ్డారు. అలా చూస్తే ఆనాటి భద్రాచలం వారికి ఆయన సొంత రాష్ట్రపు కెప్టెన్.

1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి క్రికెట్ ఆటగాడు ఆయనే. బిరుదు వచ్చింది గదా అని ఆయన కూర్చోలేదు. 1956-57లో 61 ఏళ్ళ వయస్సులో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీలో ఆడారు. సెలెక్టరుగా కూడా సేవచేశారు. 68 ఏళ్ళ వయస్సులో, 1963-64లో, ఒక సహాయనిధి మ్యాచిలో ఆఖరిసారి మైదానంలో కనిపించారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు.

ఆయన పేరు మీద 1973-74 నుండి యువకుల టోర్నమెంటు నడుస్తోంది. క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారాన్ని ఆయన పేరనే 1994లో నెలకొల్పింది. దానిని మొదట అందుకున్నది ఎవరో తెలుసా? 1936లో పర్యటన మధ్యలో ఇంటికి పంపబడిన లాలా అమరనాథ్‌గారే. ఆలస్యంగానైనా లెక్క సరిపోయింది.

అరవై దాటాక మనమందరం సిక్సర్లు కొట్టలేము. కొట్టనవసరమూ లేదు. పదవి ఇచ్చేవారు, తీసివేసేవారు వేరే ఉంటారు. చేతిలోని పనితనం మాత్రం మనదే. దానిని ఒక ఆర్డరు కాగితం తీసుకుపోలేదు. నాయుడుగారు పదవి పోయిన తరువాత ఇరవై ఏళ్ళు తన పనిని వదలలేదు. మనుమలకు పాఠం చెప్పినా, సాటి పెన్షనరుకు దరఖాస్తు రాసిపెట్టినా మనమూ ఆ దారిలో నడిచినట్లే. ఆ మహనీయునికి మన సంఘం పక్షాన వినమ్ర నివాళులు.