చలిని లొంగదీసిన కామర్లింగ్ ఓన్స్ గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు ఫోను చేసిన సమయానికి నేను తార్నాకలో ఒక స్కానింగు కేంద్రంలో వరుసలో కూర్చుని ఉన్నాను. నడుము నొప్పికి ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు డాక్టరుగారు. లోపల ఎవరికీ పరీక్ష జరగడం లేదు. అయినా గదిలోనుంచి టక్ టక్ మని ఆగకుండా శబ్దం వస్తూనే ఉంది. అదేమిటని మా శ్రీమతి కంగారుపడింది. అది యంత్రానికి అమర్చిన చలియంత్రం శబ్దం. దాని చరిత్ర వెనక్కు త్రవ్వుకుంటూ పోతే హాలెండు దేశపు హైకే కామర్లింగ్ ఓన్స్ గారి దగ్గర తేలుతాం. అందుకే ఆయన గురించే వ్రాస్తున్నాను.

ఉద్యోగకాలమంతా యూనివర్సిటీ క్యాంపసులో ఫిజిక్సు ప్రయోగశాలకు ద్రవ నైట్రోజను ఫ్లాస్కులు మోసినవాణ్ణి నేను. మూత తీయగానే తెల్లగా పొగ వచ్చేది. కొత్త విద్యార్థులు అది పేలుతుందేమోనని నాలుగడుగులు వెనక్కు వేసేవారు. అదంతా మైనస్ 196 డిగ్రీల వ్యవహారం. ఓన్స్ గారు దిగినది మైనస్ 269 డిగ్రీలకు.

ఆయన 1853లో గ్రోనింగెన్ పట్టణంలో పెంకుల ఫ్యాక్టరీ యజమాని ఇంట పుట్టారు. 1882లో, ఇంకా ముప్పై నిండకుండానే, లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు అయ్యారు. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. కానీ పట్టుదల అసాధ్యం.

1895లో ఆయనకు పెద్ద ఆటంకం వచ్చింది. 1807లో లైడెన్‌లో మందుగుండు ఓడ పేలి ఊరిలో కొంత భాగం నేలమట్టమైంది. ఓన్స్ గారి ప్రయోగశాల కట్టింది సరిగ్గా ఆ స్థలంలోనే. అక్కడ అధిక ఒత్తిడిలో వాయువులు నిల్వ ఉన్నాయని తెలిసి ఊరివారు భయపడ్డారు. వారి భయాన్ని తప్పు పట్టలేం. పని ఆపించారు. విచారణ సంఘం వేశారు. లండనులో ఆయన పోటీదారు జేమ్స్ డ్యూవర్ గారు కూడా ఆయనకు మద్దతుగా ఉత్తరం వ్రాశారు. చివరకు 1898లో అనుమతి దొరికింది. ఆ ఏడాదే డ్యూవర్ గారు హైడ్రోజనును ద్రవంగా మార్చి ముందుకు వెళ్ళిపోయారు.

ఓన్స్ గారు తొందరపడలేదు. 1901లో పరికరాలు చేసే కుర్రవాళ్ళకు, గాజు ఊదేవారికి ఒక బడినే పెట్టించారు. చేతిపనివాళ్ళు లేనిదే ప్రొఫెసరు లేడని గ్రహించిన మనిషి. ఆయన యంత్రాల వెనుక ఫ్లిమ్ అనే మేస్త్రీ, కెసెల్రింగ్ అనే గాజు పనివాడు ఉన్నారు. వారి పేర్లు ఈనాటికీ చరిత్రలో నిలిచాయి. మనబోటి సిబ్బందికి ఇది సంతోషించవలసిన సంగతి.

చలి పుట్టించడం నూతిలో నీళ్ళు చేదడం లాంటిది. నీరు ఎంత లోతున ఉంటే తాడు అంత పొడుగు, చేతులకు అంత నొప్పి. అక్కడ తోడవలసింది నీరు కాదు, వేడి. ఓన్స్ గారు ఒకే చేదతో తోడలేదు, మెట్లు కట్టారు. మిథైల్ క్లోరైడు చలితో ఇథిలీనును, దాని చలితో ఆక్సిజనును, ఆపైన గాలిని ద్రవంగా మార్చారు. అలా చేసిన ద్రవవాయువుతో హైడ్రోజనును, హైడ్రోజనుతో హీలియంను చల్లబరిచారు. హీలియంను ముందుగా సుమారు మైనస్ 230కి దిగువకు తేకపోతే, సన్నని రంధ్రంగుండా వదిలినప్పుడు అది చల్లబడకపోగా వేడెక్కుతుంది. చల్లబడిన వాయువును ఊరికే పోనీయకుండా, ఎదురు వచ్చే వాయువు చుట్టూ త్రిప్పి దాన్ని కూడా చల్లార్చేవారు. కావలసిన హీలియంను అమెరికానుంచి తెప్పించిన మోనజైటు ఇసుకను కాచి తీశారు. అటువంటి ఇసుక మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది.

1908 జూలై 10న తెల్లవారుజామున మొదలుపెట్టారు. సాయంత్రం గడిచినా గాజుపాత్రలో ఏమీ కనబడలేదు. చూడవచ్చిన మరో ప్రొఫెసరు క్రిందినుంచి దీపం పెట్టి చూడమన్నారు. చూస్తే పాత్ర అప్పటికే నిండి ఉంది! మొత్తం 60 ఘన సెంటీమీటర్లు, అంటే అరగ్లాసుకు కూడా తక్కువే.

1911లో పాదరసపు తీగ ఆ చలిలో విద్యుత్తుకు అడ్డు చెప్పడం మానేసింది. అదే అతివాహకత. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ కొలతలు తీసిన యువకుడు గిలెస్ హోల్స్ట్ పేరు ఆ వ్యాసానికి రచయితగా పడలేదు. అప్పటి ఆనవాయితీ అంతే అంటారు గాని, నాకు మాత్రం మింగుడు పడదు. హోల్స్ట్ 1914లో ఫిలిప్స్ కంపెనీలో పరిశోధనశాల పెట్టారు. తర్వాత అక్కడి ఇంజనీర్లే, 1816లో స్కాట్లండు పాదరీ స్టర్లింగ్ కనిపెట్టిన ఇంజను సూత్రాన్ని తిరగేసి, గాలిని ద్రవంగా మార్చే పొందికైన యంత్రం చేశారు.

ఆ వంశానికి దాయాదే స్కానింగు గదిలోని టక్ టక్. మైనస్ 269 దగ్గర ఒక్క వాటు వేడిని తోడడానికి లెక్క ప్రకారం 70 వాట్లు చాలు. నిజానికి ఆరేడు కిలోవాట్లు పడుతోంది. ఆ తేడాను తగ్గించడమే ఇప్పటి ఇంజనీర్ల తాపత్రయం. చలిని పట్టి ఉంచడానికి లోపల సీసపు గుండ్లు పోసేవారు. మరీ చలిలో సీసం ఆ పనికి చాలదు. అందుకని ఎర్బియం, నికెల్ కలిపిన గుండ్లు వచ్చాయి. పూర్వం ఆ యంత్రాలకు హీలియం మాటిమాటికీ నింపవలసి వచ్చేది. ఇప్పుడు ఆవిరైన హీలియంను చలియంత్రమే మళ్ళీ ద్రవం చేస్తుంది.

ఓన్స్ గారు 1923లో రిటైరయ్యారు. హీలియంను గడ్డకట్టించాలని ఎంతగానో ప్రయత్నించి, 1922లో పరమశూన్యానికి ఒక్క డిగ్రీ లోపలికి కూడా దిగారు. హీలియం గడ్డకట్టలేదు. 1926 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. ఆ తర్వాత కొద్ది నెలలకే, అదే ప్రయోగశాలలో, ఆయన స్థానంలోకి వచ్చిన వారిలో ఒకరైన కేసోమ్ గారు చలికి ఒత్తిడి కూడా తోడుచేసి హీలియంను గడ్డకట్టించారు.